సాక్షి దిమ్మె

రోడ్డుకో చెరువుకట్టకో మట్టి తవ్వే పనిని దగ్గరగా చూచినవారికి ఒక దృశ్యం గుర్తుండి ఉంటుంది. నలుదిక్కులా మట్టి తవ్విపోగా, గోతి నడుమ అక్కడక్కడ ఒంటరిగా నిలిచిన చిన్న మట్టి దిమ్మెలు కనిపిస్తాయి. వాటి నెత్తిన, తవ్వకానికి పూర్వం నేలమీద ఉన్న గడ్డి అట్లాగే ఉంటుంది. తెలియనివాడు చూచి, కూలీలు సోమరితనంతో వదలిపెట్టినారని అనుకొంటాడు. నిజానికి అవి పనిలోని లోపం కావు; పనికి లెక్క. తవ్విన మట్టి తట్టలకెక్కి ఎక్కడికో పోయినది. పోయినదానిని కొలవడం ఎట్లా? దిమ్మె నెత్తి నుండి గోతి అడుగు వరకు కొలబద్ద పెట్టి, లోతు తెలిసికొని, దానిని పొడవు వెడల్పులతో గుణించి, ఇన్ని ఘనపుటడుగులని ఓవర్సీరు పుస్తకంలో వ్రాసికొంటాడు. కూలి ఆ లెక్కమీదనే ముట్టుతుంది. కొలత ముగిసిన తరువాతనే దిమ్మెను కొట్టివేస్తారు. దేశంలో ఒక్కొక్కచోట దానికి ఒక్కొక్క పేరు. నేను మాత్రం దానిని సాక్షి దిమ్మె అని చెప్పుకొంటాను.

మట్టిపనివారి ఈ చిన్న ఏర్పాటులో ఒక పెద్ద ధర్మసూక్ష్మం ఉన్నదని నాకు చాలా కాలం తెలియలేదు. తీసివేసినదాని విలువ, తీసివేయక మిగిల్చినదానివల్లనే తెలుస్తుంది. దిమ్మె లేని గోతిలో కూలివాని శ్రమకు రుజువు లేదు; నేల ఎంత ఎత్తున ఉండేదో చెప్పే నాలుక లేదు. అటువంటప్పుడు కొలిచేవాడు చెప్పినదే లెక్క. అయితే, ఒక నేలను సాంతం చదును చేసి, దానిమీద మరొక లోకాన్ని పరచినప్పుడు, అక్కడ ముందున్నదానిని దేనితో కొలుస్తాం? ఎవరికి ఎంత బాకీపడినామో ఎట్లా తెలుస్తుంది? ఈ ప్రశ్న నాకు ఏ ధర్మశాస్త్రం చదువుతుండగానో తోచలేదు. ఒక గోల్ఫు మైదానం తయారవుతుండగా చూచినప్పుడు తోచినది.

గోల్ఫు ఆట పుట్టినచోట మైదానాన్ని ఎవరూ తయారు చేయలేదు. స్కాట్లండు తూర్పుతీరాన సముద్రానికీ సాగుభూమికీ మధ్య ఉండే ఇసుక నేలలు దున్నడానికి పనికిరావు. గాలి ఆ నేలలను మిట్టలుగా పల్లాలుగా మలచినది. గొర్రెలు గడ్డిని మేసి పొట్టిగా ఉంచినవి. చలిగాలికి ఓరగా గొర్రెలు పడుకొన్నచోట గడ్డి పోయి ఇసుక గోతులు ఏర్పడినవని చెప్పుకొంటారు. మనిషి ఒక కర్రా ఒక బంతీ పట్టుకొని ఆ నేలమీదికి అతిథిగా వెళ్లినాడు. 1457లోనే స్కాట్లండు శాసనసభ, ఈ ఆట మోజులో జనం విలువిద్యను మరచిపోతున్నారని దానిని నిషేధించినదంటే, ఆ ఆతిథ్యం ఎంత పాతదో ఊహించవచ్చు. సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో 1764లో 22 గుంతల వరుసను 18కి తగ్గించినారు. నేటికీ లోకమంతటా అదే లెక్క నడుస్తున్నది.

ఆట ఆంగ్లేయులతోపాటు ఓడ ఎక్కి మన దేశానికి వచ్చినది. 1829లో కలకత్తాలో స్థాపించిన గోల్ఫు క్లబ్బు బ్రిటిష్ దీవుల వెలుపల అన్నిటికంటె పాతదిగా పేరుపొందినది. అయితే సముద్రపు చలిగాలినీ సన్నని వాననూ ఓడలో తేలేరు గదా! మన ఎండలకు పచ్చిక నిలువని చాలాచోట్ల, గుంత చుట్టూ నూనె కలిపిన ఇసుకను చదునుగా పరచి, దానిమీదనే ఆడుకొన్నారు. పచ్చనిది కాదు గనుక వాటిని ‘బ్రౌన్లు’ అన్నారు. ఆ రోజులలో ఆట ఇంకా నేలకు కొంత లొంగి ఉండేది.

ఇప్పుడు నేలయే ఆటకు లొంగుతున్నది. పద్ధెనిమిది గుంతల మైదానానికి సాధారణంగా 100 నుండి 200 ఎకరాల వరకు కావలసి వస్తుంది. మొదట చెట్లూ పొదలూ కొట్టివేస్తారు. వేళ్లతో సహా మొద్దులను పెకలిస్తారు. పైమట్టిని గీకి ఒకచోట కుప్పపోస్తారు. యంత్రాలతో గుట్టలను తెగ్గొట్టి, పల్లాలను పూడ్చి, మళ్లీ కావలసినచోట కొత్త గుట్టలనూ కొత్త పల్లాలనూ మలుస్తారు. నీరు దిగిపోవడానికి నేలలో చిల్లుల గొట్టాలు పాతుతారు. గుంత ఉండే చోటు మరీ సున్నితం. 1960లో అమెరికా గోల్ఫు సంఘం ప్రకటించిన పద్ధతి నేడు అనేక దేశాలలో అనుసరణీయమైనది: అడుగున సుమారు 4 అంగుళాల కంకర, దానిపైన 12 అంగుళాల ఇసుక మిశ్రమం, ఆపైన పచ్చిక. ఆ పచ్చికను మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు ప్రతిదినం కత్తిరిస్తారు. ఇంత ప్రయాసా చివరకు నాలుగుంబావు అంగుళాల వెడల్పు గల ఒక గుంత కోసం. పని ముగిసిన తరువాత చూచినవారు, “ఎంత సహజంగా ఉన్నది!” అనవలెను. అట్లా అనిపించడమే శిల్పి నేర్పు. మయసభలో నేల నీరుగానూ నీరు నేలగానూ కనిపించి దుర్యోధనుడు భంగపడినాడు. ఇక్కడ కృత్రిమం సహజంగా కనిపించి మనమందరం ఆనందిస్తాము.

నేను చూచిన మైదానం ఒక నగరపు పొలిమేరలో ఉన్నది. మిత్రుడొకడు ఆ పనిలో లెక్కలు చూస్తుండేవాడు. అతనితోకూడ ఒక ఉదయం వెళ్లినాను. యంత్రాల పని అప్పటికి ముగిసినది. ఆ విశాలమైన ఎర్రనేలమీద పాతికమంది స్త్రీలు వరుసగా వంగి, వెనుకకు నడుస్తూ, చేతులలోని గడ్డిపిలకలను ఒక్కొక్కటిగా నాటుతున్నారు. దూరం నుండి చూస్తే వరినాట్లే అనుకొనేవాడిని. పాట మాత్రం లేదు. దగ్గరకు పోగా మాట వినిపించినది: పాలమూరు తెలుగు.

పాలమూరు కూలీలను గూర్చి తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. కరవు తరిమితే పారా తట్టా పట్టుకొని ఆ జిల్లా జనం దేశం నలుమూలలా ఆనకట్టలూ కాలువలూ తవ్వినారు. వారికంటె ముందు, తరతరాలుగా, మట్టినీ రాతినీ నమ్ముకొని దక్షిణాపథమంతా తిరిగిన వడ్డెరలు ఉన్నారు. మన చెరువులలో వారి చేయి పడనిది అరుదు. భూమిని కదిలించే విద్య ఈ జనానికి కొత్త కాదు. కొత్తదేమంటే, వారు నాటుతున్న గడ్డి. వంగి చూస్తే అది గరిక.

సరిగా చెప్పవలెనంటే గరికకూ ఆఫ్రికాలోని దాని దాయాదికీ సంకరంగా పుట్టించిన వంగడం. ఆంగ్లంలో బెర్ముడా గడ్డి అనీ, హిందీలో దూబ్ అనీ, సంస్కృతంలో దూర్వ అనీ అంటారు. వినాయకచవితినాడు మనం దేవుని తలపై ఉంచేది దాని పుట్టింటిదే. కాని సేద్యగానికి దానికంటె మొండి శత్రువు లేదు. ఎంత లోతు దున్నినా కణుపు మిగిలితే మళ్లీ మొలుస్తుంది. నాటుతున్నవారిలో పెద్దామెను, “ఏమమ్మా, ఇది గరికే కదా?” అని అడిగినాను. ఆమె నడుము నిలుపుకొని నవ్వింది.

“గరికనే సారూ. మా చేన్ల దీన్ని పీకి పీకి గోర్లు అరిగినయి. ఈడ దీన్నే నాటుతున్నం, మధ్యల ఇంకోటి మొలిస్తే దాన్ని పీకుతున్నం. ఏది కలుపో ఏది పంటో చెప్పేటోడు కూలి ఇచ్చేటోడే గదా!”

“ఇది పూర్తయినాక ఎట్లా ఉంటుందో చూడడానికి మళ్లీ వస్తారా?” అన్నాను. అడిగిన మరుక్షణమే ఆ ప్రశ్నలోని అవివేకం నాకు తెలిసినది.

“ఎవరు రానిస్తరు సారూ? గేటు కాడ నిలబడేటోడు మొదలు మమ్మల్నే ఆపుతడు. ఐనా మాకేం పని? కూలి సరిగ్గ ఇస్తున్నరు, సేద్యంల ఇంత దొరకదు. పొద్దు పోతున్నది, నాటనియ్యి.”

ఆమె కంఠంలో ఆక్షేపణ లేదు. నన్ను త్వరగా వదలించుకోవాలనే తొందర మాత్రమే ఉన్నది. ఆమె తరఫున కోపగించుకొనే అధికారం నాకు లేదు. కూలి ఆమెకు అవసరం. ఆ కూలి సక్రమంగా దొరకుతున్నది. ఆ పనిని తప్పుపట్టితే ఆమె అన్నాన్ని తప్పుపట్టినట్లే. మరి నా మనస్సులో ముల్లువలె గుచ్చుకొన్నదేమిటి?

తిరిగివచ్చేటప్పుడు మిత్రుని అడిగినాను: “ఇక్కడ ముందు ఏముండేది?” అతడు తేలికగా, “ఏమీ లేదు. బంజరు” అన్నాడు.

అనువాదం నా వృత్తి. మాటలను అనుమానించడం నా అలవాటు. బంజరు అనే మాట మనకు హిందుస్తానీ నుండి వచ్చినది. సాగు చేయని భూమి అని దాని అర్థం. హిందీలో మరొక మాట ‘పరతీ’. అది కొంతకాలం పడి ఉన్న భూమి, మన బీడు. సాగు లేని భూమికి ఇన్ని పేర్లున్నవంటే, వాటిలో తేడాలు జనానికి ప్రాణావసరమై ఉండెననే అర్థం. ఒకటి పశువులు మేసేది, ఒకటి కట్టెలు ఏరుకొనేది, ఒకటి వానాకాలంలో గొర్రెలు దిగేది, ఒకటి శవాన్ని మోసుకొనిపోయే దారి. రెవెన్యూ దస్తరం ఈ భేదాలను ఒక్క గీతతో కొట్టివేసినది. శిస్తు రాని భూమి దాని దృష్టిలో వ్యర్థభూమి. తెలుగులో ‘పోరంబోకు’ చరిత్ర ఇంకా విచారకరమైనది. తమిళంలో ‘పుఱంబోక్కు’ అంటే లెక్కకు వెలుపల వదలినది. శిస్తు వేయక ఊరందరి అవసరానికి విడిచిన నేల. ఆ మాటను మనం ఏమి చేసినాము? పనికిమాలినవానిని తిట్టే తిట్టుగా మార్చినాము. అందరిదీ అయిన భూమికి పెట్టిన పేరు, ఎవరికీ చెందని మనిషికి అవమానమైనది. భాషలోనే మొదట చదును జరుగుతుంది. యంత్రం తరువాత వస్తుంది.

2011 జనవరిలో సుప్రీంకోర్టు, పంజాబుకు చెందిన ఒక వ్యాజ్యంలో, గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి వాటిని గ్రామస్థులకు తిరిగి అప్పగించే పథకాలు సిద్ధం చేయవలసినదని రాష్ట్రాలన్నిటిని ఆదేశించినది. ఆ తీర్పు ఉద్దేశం గొప్పది. కాని ‘ఏమీ లేదు’ అనే మాట చెప్పినంత సులభంగా, ‘ఇక్కడ ఇది ఉండేది’ అనే మాటను రుజువు చేయలేము. దానికి దిమ్మె కావలె.

ఇక్కడ వివేకవంతుడైన పాఠకుడు ఒక ఆక్షేపణ తేవచ్చును, తేవలెను కూడ. “అయ్యా, మీరు తినే అన్నం పండిన పొలం ఒకనాడు అడవి కాదా? మీ ఇల్లు కట్టినది ఎవరి చేనిలో? గోల్ఫు ఆడేవారిమీద ఒక్కరిమీదనే ఈ ధర్మవిచారం ఎందుకు?” ఈ ఆక్షేపణ న్యాయమైనదే. నేను నివసించే వీధి ఒక తరం క్రిందట జొన్నచేను. ఆ చేను ఎవరిదో నాకు తెలియదు. తెలిసికొనే ప్రయత్నం కూడ నేను చేయలేదు. నేలను శుభ్రం చేయకుండా నాగరికత లేదు. మన ఇతిహాసమే ఒక అరణ్యదహనం మీద రాజధానిని నిలిపినది.

కాని ఆ ఇతిహాసాన్నే మరొకసారి చూడండి. ఖాండవవనం దగ్ధమైనది, ఇంద్రప్రస్థం వెలసినది. విజయగాథ చెప్పే కవి అంతటితో ముగించవచ్చును. వ్యాసుడు ముగించలేదు. ఎవరెవరు మిగిలినారో పేరుపేరునా చెప్పినాడు: తక్షకుని కుమారుడైన అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షులు. వీరు ఆ కథలోని సాక్షి దిమ్మెలు. మంటలో బ్రతికిన మయుడే, మంట పెట్టినవారికి సభాభవనం కట్టి ఇచ్చినాడు. కృతజ్ఞతతోనే కట్టినాడు, పాలమూరు తల్లి కూలిని చూచి తృప్తిపడినట్లే. కాని నాడు ఇల్లు కోల్పోయిన తక్షకుడు, రెండు తరాల తరువాత అర్జునుని మనుమడైన పరీక్షిత్తును కాటువేసినాడు. కవి అడవిని కాల్చినందుకు అర్జునుని దూషించలేదు, లెక్కను మాత్రం చెరపనివ్వలేదు. అందువల్ల నేల చదును చేయడమే పాపమని నేను అనడం లేదు. ముందు ఉన్నది లేదని చెప్పడం, కొలతకు ముందే దిమ్మెను కొట్టివేయడం, ఇదే అధర్మమని అంటున్నాను.

ఇంద్రప్రస్థం పురానాకిలా ప్రాంతమని పరంపర. దానికి ఎంతో దూరం లేకుండా, 1930ల నాటి నుండి, ఢిల్లీ గోల్ఫు మైదానం ఉన్నది. దాని పచ్చికల నడుమ మొఘలుల కాలపు సమాధులు నిలిచి ఉన్నవి. లాల్ బంగ్లా అనే ఎర్రరాతి సమాధి వాటిలో ప్రసిద్ధమైనది. మన గోల్కొండ నయాకిలాలోనూ గోల్ఫు మైదానం ఏర్పడినది. ‘హథియాన్ కా ఝాడ్’ అని పిలిచే బావోబాబు మహావృక్షం అక్కడ ఉన్నది. సమాధులూ వృక్షమూ ఆటగాళ్ల మధ్య కొలబద్దకోసం ఎదురుచూస్తున్న దిమ్మెలవలె నిలిచి ఉన్నవి. కాని ఆలోచించండి: నిలిచినవి గొప్పవారి సమాధులూ, ఏనుగంత చెట్టూ. 1911 డిసెంబరులో రాజధాని మార్పు ప్రకటించిన తరువాత కొత్త ఢిల్లీ కోసం రాయసీనా, మాల్చా వంటి గ్రామాల భూములు సేకరించినప్పుడు, ఆ రైతుల పొలం గట్టు ఒక్కటి కూడ సాక్షిగా మిగలలేదు. మిగలడానికి రాయి కావలె, రైతుది మట్టి.

ఆ సేకరణకు ఆధారమైన చట్టం 1894 నాటిది. ఈ సంవత్సరాన్ని పాఠకులు గుర్తుంచుకోవలెనని ప్రార్థన. సెయింట్ ఆండ్రూస్ పట్టణం 18వ శతాబ్దం చివర అప్పులపాలై తన ఉమ్మడి ఇసుకనేలను అమ్ముకొన్నది. కుందేళ్లను పెంచే వర్తకులకూ ఆటగాళ్లకూ ఏండ్ల తరబడి తగవు నడిచినది. చివరకు 1894లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసి, ఆ నేలను తిరిగి కొనుక్కొనే అధికారం పట్టణానికి ఇచ్చినది. నేటికీ అక్కడి పాత మైదానంలో ఆదివారాలు సాధారణంగా ఆట ఉండదు. పట్టణ ప్రజలు పిల్లలతో, కుక్కలతో ఆ పచ్చికమీద నడుస్తారు. ఒకే సామ్రాజ్యం, ఒకే సంవత్సరం. అక్కడి చట్టం ఆటస్థలాన్ని ఊరికి ఇచ్చినది. ఇక్కడి చట్టం ఊరిని ప్రభుత్వానికి ఇచ్చినది. మనం ఆటను తెచ్చుకొన్నాము, గుంతల సంఖ్యను తెచ్చుకొన్నాము, గుంత వెడల్పును కూడ తెచ్చుకొన్నాము. ఆదివారాన్ని మాత్రం తెచ్చుకోలేదు.

1894 చట్టం స్థానంలో 2013లో మన పార్లమెంటు కొత్త భూసేకరణ చట్టం చేసినది. క్రీడలు కూడ ప్రజాప్రయోజనంగా పరిగణింపదగిన పనుల జాబితాలో ఉన్నవి. అయితే అందులో ఒక మేలైన నియమం ఉన్నది. భూమిని తీసికొనేముందు, దానివల్ల ఎవరి జీవనం ఎట్లా మారుతుందో విచారించి వ్రాయవలెను. సామాజిక ప్రభావ అంచనా అని దాని పేరు. పేరు బరువైనదే కాని, భావం మట్టిపనివారిదే: కొలిచిన తరువాతనే తవ్వు. తరువాత తెలంగాణతో సహా కొన్ని రాష్ట్రాలు సవరణలు చేసి, కొన్ని పథకాలకు ఈ విచారణ నుండి మినహాయింపు కల్పించుకొన్నవి. దిమ్మె ఉంటే పని ఆలస్యమవుతుందని కాబోలు.

నీటి సంగతి కూడ కొలతకు సంబంధించినదే. వేసవిలో పచ్చిక రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు త్రాగుతుందనుకొంటే, 100 ఎకరాల పచ్చికకు 20 లక్షల లీటర్లు కావలె. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ పల్లెలలో మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకొన్నది. ఆ లెక్కన ఇది 36 వేల మందికి పైగా సరిపోయే నీరు. శుద్ధిచేసిన మురుగునీటిని వాడే మైదానాలు ఉన్నవి. అది మెచ్చదగిన పని. నా వాదం నీటితో నిలిచి నీటితో పోయేది కాదు. ఎంత తీసికొంటున్నామో పైకి చెప్పుకొంటున్నామా, లేదా అన్నదే ప్రశ్న.

గోల్ఫు ఆడే మిత్రులు నాకు ఉన్నారు. తెల్లవారుజామున మంచు తడిసిన పచ్చికమీద నడిచే సుఖాన్ని వారు వర్ణిస్తుంటే నాకు అసూయ కలుగుతుంది. వారి ఆనందం దొంగసొత్తని నేను అనను. వారినీ, పొలాలమీద ఇండ్లు కట్టుకొన్న నావంటివారినీ, నేను కోరేది ఒక్కటే. తెలిసికొని నడవండి. కాలి క్రింద ఉన్నది ఎవరి బీడో, ఎవరి దారియో, గరికను నాటిన చేతులు ఎవరివో ఒకచోట వ్రాసి ఉంచండి. పాత పొలాల పేర్లనే గుంతలకు పెట్టవచ్చును. శవం పోయే దారిని మూసివేయక కంచెలో ఒక గేటు ఉంచవచ్చును. వారానికి ఒక్కనాడు ఊరివారిని లోపలికి రానివ్వవచ్చును. ఇవి దానాలు కావు, ఉపకారాలు అసలే కావు. ఇవి మన గోతిలో మనం వదలిపెట్టుకొనే దిమ్మెలు.

ఆ మైదానం ఇప్పుడు పచ్చగా ఉన్నదని మిత్రుడు చెప్పినాడు. రమ్మని పిలిచినాడు. వెళ్లవలెనని ఉన్నది. వెళ్లితే గేటు దగ్గర నన్ను ఎవరూ ఆపరు. అందుకే ఇంకా వెళ్లలేదు.